42 పుటల థీసిస్
రోబోటిక్స్, స్వయంచాలిత వ్యవస్థల ఎం.టెక్. చదువులో చివరి మెట్టైన నా థీసిస్‌ను నిన్న రాత్రి ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లో పూర్తి చేశాను. దాని విషయం ఇది: చక్రాలు తిరిగిన చుట్లను బట్టి రోబో తన స్థానాన్ని అంచనా వేసుకుంటుంది గాని, మహేంద్రతనయ నది ఒడ్డు ఇసుకలో చక్రం జారినప్పుడల్లా ఆ లెక్కలో చిన్న తప్పు చేరి, అవన్నీ పేరుకుపోయి, చివరకు అది ఉన్న చోటు ఒకటి, ఉన్నాననుకునే చోటు మరొకటి అవుతుంది. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రకటించిన ఫిల్టర్ అనే గణిత పద్ధతి ఆ అంచనాను లైడార్ (లేజర్ కాంతితో దూరాలు కొలిచే పరికరం) కొలతతో పోల్చి, దేనిలో అనిశ్చితి తక్కువో దానికే ఎక్కువ విలువనిస్తుంది. బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు చదువుకున్న నాకు ఈ సమీకరణాలు నిజంగా బోధపడింది మాత్రం అమ్మకు తెలుగులో వివరిస్తున్నప్పుడే. బైండు చేయించిన తొలి ప్రతిని ఆమె చేతిలోనే పెడతాను.