ఖాళీ చోటే కష్టపెట్టింది

మే నెలలో మలక్‌పేటలోని మా పై అంతస్తు ఇల్లు మధ్యాహ్నానికి పొయ్యి మీది పెనంలా కాలిపోతుంది. పాలిమర్ క్లే అంటే ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద. కాల్చకముందు మామూలు వేడికే మెత్తబడుతుంది కాబట్టి ఆ పనికి అంతకన్నా చెడ్డ కాలం లేదు. అయినా వదినకు లాకెట్టు, కమ్మలు చేసివ్వాలని మొండికేశాను.

మొదట పూల కేన్ కట్టాను. రంగుల క్లేను పువ్వు ఆకారం వచ్చేలా కడ్డీగా పేర్చి, నొక్కుతూ సన్నగా సాగదీసి, అడ్డంగా బిళ్లలు కోయాలి. గాజు పనివాళ్ల నుంచి వచ్చిన ఈ పద్ధతిని మిల్లెఫియోరి అంటారు. ఇటాలియన్‌లో వేయి పువ్వులని అర్థం. నేను ఆ వేయీ ఒక్క లాకెట్టులోనే కుక్కాను. సందు కనిపిస్తే చుక్క, చుక్కల మధ్య చార. వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి, "బాగుంది గానీ, ఎక్కడని చూడను?" అంది.

రెండు రోజులు మాట్లాడలేదు, క్లేతో. మూడో రోజు అమ్మ గద్వాల చీర మడతపెడుతూ ఆగిపోయాను. ఒళ్లంతా సాదా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ సాదాతనం వల్లే చూపు తిన్నగా అంచు మీదికి పోతోంది.

వెంటనే సగం పూలు, సగం సాదాగా ఒకటి చేశాను. చిరిగిన చోట అతుకు వేసినట్టుంది! కారణం తర్వాత తెలిసింది: సాదా భాగానికి పూలలో లేని నీలం వాడాను. ఈసారి పూల నడుమ ఉన్న మెరూన్‌నే పూల కింద పరిచే సాదా పొరగా తీసుకున్నాను. కేన్ చుట్టూ కూడా అదే మెరూన్ పొర చుట్టాను. బిళ్లను ఆ సాదా పొర మీద పెట్టి, పైన కాగితం వేసి చేత్తో రుద్దితే అంచు కలిసిపోయి పువ్వొక్కటే మిగిలింది. కోసే ముందు కేన్‌ను అరగంట ఫ్రిజ్‌లో పెట్టకపోతే మాత్రం రేకులన్నీ సాగి ముద్దవుతాయి.

ఇక అసలు బాధ. పూల మధ్య వేలిముద్రలు, గాలి బుడగలు, నూలు పోగులు ఎవరికీ కనిపించవు. సాదా చోట అవే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నేను ఇన్నాళ్లూ డిజైన్ కిక్కిరిసేలా వేసింది అందం కోసమేనా అని అనుమానం వచ్చింది. ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ, రంగు మార్చినప్పుడల్లా చేతులు తుడుచుకుంటూ నాలుగుసార్లు మళ్లీ పరిచాను. ప్యాకెట్ మీద ఉన్నట్టు 130 డిగ్రీల్లో అరగంట కాల్చాను. ఓవెన్ మీది అంకెను నమ్మక లోపల వేరే థర్మామీటరు పెట్టాను. చల్లారాక తడిపిన గరుకు కాగితంతో, ముందు 400, తర్వాత 600, చివరికి 1000 నంబరుతో రుద్దాను. పువ్వుల కన్నా ఆ ఖాళీకే ఎక్కువ సేపు పట్టింది.

లాకెట్టులో ఎడమ మూలన రెండు పూలు, పైన ఒక మొగ్గ, అంతే. కమ్మల్లో ఒకదానికి చిన్న పువ్వు పెట్టి, రెండోది పూర్తిగా సాదాగా వదిలేశాను. వదిన సంతోషంగా పెట్టుకుంది. అద్దంలో చూసుకుని మెల్లగా అడిగింది: "రెండో చెవికి పువ్వు పెట్టడం మర్చిపోయావా?"