మానేసినవాళ్ళకే కాదు, మానలేకపోతున్నవాళ్ళకీ గౌరవం కావాలి

తాగుడు కానీ మత్తుమందు కానీ జూదం కానీ, ఏదో ఒక అలవాటులో కూరుకుపోయిన మనిషికి అందరి దగ్గరా ముందు దొరికేది లెక్చరే. ఇంట్లోవాళ్ళు ఇస్తారు, ఫ్రెండ్స్ ఇస్తారు, తీరా కౌన్సెలింగ్‌కి వస్తే అక్కడ కూడా చాలాసార్లు అదే. లివర్ పాడైపోతుంది, డబ్బు పోతోంది, పిల్లలు చూస్తున్నారు... ఇవన్నీ ఆ మనిషికి మనకంటే బాగా తెలుసు, రాత్రిళ్ళు నిద్రపట్టక తనని తాను తిట్టుకునే తిట్ల ముందు మన తిట్లు ఏపాటివి అసలు!

నేను ఈ కౌన్సెలింగ్ పనిలోనే ఉన్నా, అందుకే ఇది గట్టిగా చెప్పాలనిపించింది. మానేశాక ఇచ్చే బహుమతిలా గౌరవాన్ని దాచిపెట్టకూడదు, మొదటి రోజే, మత్తు వాసన ఇంకా పోకముందే ఇవ్వాలి.

కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1957లో ఒక పేపర్ రాశాడు, థెరపీలో మనిషి మారాలంటే ఏమేం ఉండాలి అని. అందులో ఆరు షరతులు చెప్పాడు, వాటిలో కౌన్సెలర్ వైపు నుంచి రావాల్సినవి మూడు. ఎదుటి మనిషి లోకాన్ని ఆ మనిషి కళ్ళతో చూడగలగడం, షరతులు పెట్టకుండా ఆదరించడం, పైకి ఒకటి లోపల ఒకటి లేకుండా నిజాయితీగా ఉండడం. చదివితే చాలా తేలిగ్గా అనిపిస్తుంది కానీ వ్యసనం దగ్గరికి వచ్చేసరికి ఆ రెండోది చాలా కష్టం, ఎందుకంటే ఆ మనిషి జీవితంలో అప్పటికే ప్రతి ప్రేమకీ ఒక షరతు వచ్చేసి ఉంటుంది. మానేస్తేనే మాట్లాడతా, మానేస్తేనే ఇంటికి రా. ఇంట్లోవాళ్ళని నేను తప్పుపట్టట్లేదు, వాళ్ళు పడ్డ బాధ అలాంటిది, వాళ్ళు హద్దులు పెట్టుకోవాలి, డబ్బు ఇవ్వను అనాలి కూడా. ఆదరించడం అంటే చేసినవన్నీ ఒప్పేసుకోవడం కాదు కదా. కానీ షరతు లేకుండా కూర్చోబెట్టి వినే చోటు ఒక్కటైనా ఉండాలి, అది కౌన్సెలింగ్ గది కాకపోతే ఇంకెక్కడ?

దీనికి పూర్తిగా ఉల్టా పద్ధతి కూడా చాలాకాలం నడిచింది. 1958లో కాలిఫోర్నియాలో సినానాన్ అని మత్తుమందులు మాన్పించే ఒక సంస్థ మొదలైంది, అక్కడ అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి ఒకళ్ళ మీద ఒకళ్ళు విరుచుకుపడి తిట్టుకునే సెషన్లు ఉండేవి, దాన్ని గేమ్ అనేవాళ్ళు. వ్యసనపరుడు అబద్ధాలకోరు, ఆ గోడ బద్దలుకొడితే గానీ దారికి రాడు అనే నమ్మకం అక్కడితో ఆగలేదు, చాలా ట్రీట్‌మెంట్ సెంటర్లకి పాకింది. తర్వాత విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్, ఇంకొంతమంది 1993లో తాగుడు సమస్య ఉన్నవాళ్ళ మీద చేసిన ఒక స్టడీ వచ్చింది, అందులో తేలింది ఏంటంటే కౌన్సెలర్ ఎంత ఎక్కువ ఎదురుదాడి చేస్తే ఏడాది తర్వాత ఆ క్లయింట్ అంత ఎక్కువ తాగుతున్నాడు. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు, మూలకి నెడితే ఎవరైనా తనని తాను కాపాడుకునే మాటలే మాట్లాడతారు, అలా మాట్లాడేకొద్దీ వాటినే నమ్మడం మొదలెడతారు.

మిల్లర్ 1983లోనే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి గురించి రాశాడు, 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పుస్తకం తెచ్చాడు. దాని వేళ్ళు రోజర్స్ ఆలోచనలోనే ఉన్నాయి. మారాలి అనే మాట కౌన్సెలర్ నోటినుంచి కాదు, క్లయింట్ నోటినుంచి రావాలి, అంతే. ఒకాయన వచ్చి "నాకేం ప్రాబ్లం లేదండి, మా ఆవిడ గోల పడలేక వచ్చా" అన్నాడనుకోండి. "మరి ఈ రిపోర్ట్ సంగతేంటి" అని మనం అడిగితే అరగంట వాదన నడుస్తుంది, ఆయనే గెలుస్తాడు. "రావాలని లేకపోయినా ఆవిడ మాట కాదనలేకపోయారు" అంటే కాసేపు ఆగి, "ఈమధ్య పాప కూడా నాతో మాట్లాడట్లేదండి" అంటాడు. ఇక్కడ సలహా ఇవ్వాలని నాలుక దురద పెడుతుంది, ఆపుకోవాలి. "అది మీకు బాగా కష్టంగా ఉంది" అని వదిలేస్తే మిగతాది ఆయనే చెప్తాడు.

అలాగని మెత్తగా తలూపుతూ కూర్చోమని కాదు. తాగి బండి నడుపుతున్నానని చెప్తే "ఇది వింటుంటే నాకు భయంగా ఉందండి" అని మొహం మీదే చెప్పాలి, రోజర్స్ చెప్పిన ఆ మూడోది, నిజాయితీ అంటే అదే. వినడం వైద్యానికి బదులూ కాదు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి రావచ్చు, అక్కడ డాక్టర్ ఉండి తీరాలి. మళ్ళీ తీసుకోవాలనే కోరికని తగ్గించే నాల్‌ట్రెక్సోన్, బ్యూప్రెనార్ఫిన్ లాంటి మందులు అవసరమైనవాళ్ళకి అవసరమే, కాకపోతే ఆ నిర్ణయంలో ఆ మనిషికీ మాట ఉండాలి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది రిలాప్స్ అయినవాళ్ళని, అంటే మానేశాక మళ్ళీ మొదలెట్టినవాళ్ళని, బయటికి పంపించేసే పద్ధతి. ఏ జబ్బుకి వచ్చాడో ఆ జబ్బు లక్షణం కనపడిందని పొమ్మంటే ఎలా? భయపెడితే మానడు, దాచిపెడతాడు. హెరాయిన్ లాంటి వాటిలో దాచిపెట్టడం ఇంకా ప్రమాదం, కొన్నాళ్ళు మానేసిన ఒంటికి ఆ మత్తుని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత డోసే తీసుకున్నా ఊపిరి ఆగిపోవచ్చు. "మళ్ళీ తీసుకున్నానండి" అని ఆ రోజే వచ్చి చెప్పగలిగితే, దానికి ముందు రోజు ఏం జరిగింది, ఎవరితో గొడవైంది, ఏ టైంలో మనసు లాగింది, ఇవన్నీ ఇద్దరూ కూర్చుని చూడొచ్చు.

కాబట్టి మీకోసమో మీవాళ్ళకోసమో కౌన్సెలర్ని వెతుకుతుంటే మొదటి రోజే అడగండి, "మళ్ళీ తాగితే మీ దగ్గరికి రావచ్చా?" అని. వెంటనే రండి అంటే అక్కడ కూర్చోండి, రూల్స్ చదవడం మొదలెడితే ఇంకో చోటు చూసుకోండి.