సిగరెట్టు డబ్బులతో సన్నజాజి

సిగరెట్టు మానేసినవాడికి అందరూ చెప్పే మాట, "నీకు నువ్వే ఏదైనా కొనుక్కోరా" అని. ఎప్పుడు కొనుక్కోవాలో మాత్రం చెప్పరు. నెలాఖరుకి కొత్త చొక్కా అంటారు. పొద్దున్న పదకొండింటికి నాలుక పీకేస్తుంటే నెలాఖరు చొక్కా ఎవడికి గుర్తొస్తుంది? పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరిపోతుంది. అంత తొందరగా పుచ్చుకోవడం మరిగిన మెదడు వాయిదాలు వినదు.

నాది రాజమండ్రి తాడితోటలో హోల్‌సేల్ బట్టల కొట్లో లెక్కల పని. పదకొండింటికి, భోజనం అయ్యాక, సాయంత్రం లారీ సరుకు దిగేటప్పుడు: నా గండాలు ఈ మూడే. ఒక్కో గండం గట్టిగా ఉండేది కొద్ది నిమిషాలు. ఆ కాసేపు నోటికీ చేతికీ పని కావాలి. అందుకే పదకొండింటికి బండి దగ్గర దోర జామకాయ కోయించి ఉప్పూ కారం అద్దించుకుంటాను. భోజనం అయ్యాక సోంపు. సాయంత్రం మజ్జిగ.

టీని ఈ లిస్టులోకి రానివ్వలేదు. టీ, సిగరెట్టు నాకెప్పుడూ జంటే. అదీగాక డాక్టరు గారు ఒక సంగతి చెప్పారు. పొగతాగే వాళ్ల ఒంట్లో కెఫీన్ తొందరగా ఖర్చయిపోతుంది. మానేశాక అవే టీలు తాగితే అది ఎక్కువసేపు నిలిచి నిద్ర చెడగొడుతుంది, చిరాకు పెడుతుంది. మనమేమో సిగరెట్టు లేకే ఈ చిరాకంతా అనుకుంటాం. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ కూడా ఆయనే రాశారు. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేయకూడదు. నాలుగుసార్లు కొరికి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకోవాలి.

మా కొట్లో కుర్రాళ్లు ప్రేమగా ఆత్రేయపురం పూతరేకులు తెచ్చారు. ఒకటి తిని మిగతావి వాళ్లకే పంచాను. నాన్నగారికి షుగరు, ఒక అలవాటు పోయి ఇంకోటి తగులుకుంటే ఏం లాభం?

ఇక డబ్బు. రోజుకి 150 దాకా కిళ్ళీ కొట్టుకి పోయేది. ఫోన్‌తో స్కాన్ చేసి ఇవ్వడమే కాబట్టి పోతున్నట్టే తెలిసేది కాదు. మా ఆవిడ హార్లిక్స్ సీసా కడిగి అల్మరాలో పెట్టి, "ఏవండీ, నోట్లే వేయండి, కంటికి కనపడాలి" అంది. ఫోన్లో మిగిలిన డబ్బుకీ సీసాలో పెరిగే నోట్లకీ ఎంత తేడానో!

ఆదివారం ఆ నోట్లు పట్టుకుని కడియం వెళ్తాను. కడియపులంక నర్సరీల్లో తిరగడమే ఒక సంబరం. నేను కొనేవన్నీ వాసన మొక్కలే. పొగ మానితే ముక్కు మెల్లగా మళ్లీ తెరుచుకుంటుంది. నాకది మొదట తెలిసింది కట్ట విప్పిన కొత్త బట్ట గంజి వాసనతో. ఇన్నేళ్లుగా ఆ గుట్టల మధ్యే కూర్చున్నానన్న మాట! అందుకే క్రోటన్ల జోలికి పోకుండా మల్లె, మరువం, రాత్రిరాణి తెచ్చాను. సిగరెట్టు తాగే రోజుల్లో ఈ బహుమతి ఇచ్చినా పుచ్చుకోగలిగేవాణ్ణి కాదు.

తమాషా ఏమిటంటే కేంద్ర పొగాకు పరిశోధన సంస్థని 1947లో పెట్టింది మా ఊళ్లోనే. లంక పొగాకు చుట్ట వాసన మాకు పుట్టుకతోనే తెలుసు. ఇక్కడ మానడం కాస్త మొండి పనే. ఒంటరిగా కష్టమనిపిస్తే పెట్టె మీదే 1800-11-2356 అని నంబరు ఉంటుంది, ఫోన్ ఉచితం. తాగినన్నాళ్లూ పెట్టె తిప్పి చదివిందెవరు గానీ!

వచ్చే ఆదివారం సన్నజాజి తీగ తెద్దామని నా లెక్క. మా ఆవిడ మాత్రం డాబా మీద ఇంక చోటు లేదు, సీసాలో డబ్బులు మిక్సీకి కావాలంటోంది. బేరం ఇంకా తెగలేదు.