బూమర్

పొద్దున్నే గీజర్ ఆపకుండా వచ్చేసిందని అమ్మాయి మీద ఎగిరాను. కరెంటు బిల్లు దగ్గర మొదలై, "మా రోజుల్లో నూతి దగ్గర చన్నీళ్లే" దాకా వెళ్లాను. "అబ్బ, బూమర్ మాటలు!" అంది, ఫోన్లోంచి తలెత్తకుండా.

నాకు తెలిసిన బూమర్ ఇంటర్ రోజుల్లో నమిలిన బబుల్‌గమ్. తిట్టని తెలుసు కానీ, అసలు సంగతేంటో మధ్యాహ్నం ఆఫీసులో తీరిక చూసుకుని చదివాను. అది అమెరికా లెక్క. 1930ల మాంద్యంలో అక్కడ పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, ఏడాదికి పాతిక లక్షల మంది పిల్లలు కూడా పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు చేరారు. ఉద్యోగాలు, ప్రభుత్వ పూచీతో ఇళ్ల లోన్లు దొరికాయి. ఇక ఉయ్యాలలే ఉయ్యాలలు! ఒక్క 1957లోనే 43 లక్షల మంది పుట్టారు. అలా 1946 నుంచి 1964 దాకా పుట్టినవాళ్లు బేబీ బూమర్లు. నేను 1979. పదిహేనేళ్లు లేటు.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా విడమర్చి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "నాన్నా, అది పుట్టిన ఏడు కాదు, వాలకం" అంది. 2019లో న్యూజిలాండ్ పార్లమెంటులో పాతికేళ్ల ఎంపీ ఒకామె పర్యావరణం మీద మాట్లాడుతుంటే ఎవరో అడ్డు తగిలారట. "ఓకే బూమర్" అనేసి తన ప్రసంగం తను కొనసాగించిందట. ఆ వీడియో కూడా చూపించింది.

ఏళ్ల లెక్కే చూస్తే మా ఇంట్లో బూమర్ అమ్మ. 1953 గోదావరి వరదలప్పుడు నెలల పిల్ల. సర్టిఫికెట్‌లో మాత్రం బడిలో మాస్టారు వేసిన జూలై 1.

రేపటి కూరకి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. బూమ్ అంటే ఏంట్రా అని అడిగితే, ఒక్కసారిగా పిల్లలు ఎక్కువైపోవడం అన్నాను.

"మాకు ఎప్పుడు తక్కువయ్యారని! మేం తొమ్మిదిమందిమి పుడితే ఐదుగురం మిగిలాం" అంది. చేతిలో పని ఆపకుండానే వరసగా పేర్లు చెప్పుకుంటూ పోయింది. వేళ్ల మీద లెక్కపెట్టాను, ఏడే వచ్చాయి. మిగతా ఇద్దరూ పేరు పెట్టేలోపే పోయారట.