డ్రెస్డెన్‌లో మొదటి సెమిస్టరు: పోస్టు డబ్బా మీద పేరు

జర్మనీలోని డ్రెస్డెన్‌లో చదువుకుంటున్నాను, సెమిస్టరు సెలవులకి విజయవాడ వచ్చాను. మా సత్యనారాయణపురంలో ఎవరు కనిపించినా మొదట చలి గురించే అడుగుతున్నారు. చలి ఉంటుంది, మంచి కోటు కొనుక్కుంటే సరిపోతుంది, గదుల్లో హీటర్లుంటాయి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడటం మాత్రం అలవాటవ్వడానికి టైమ్ పట్టింది. ఇవన్నీ పెద్ద కష్టాలు కావు. వెళ్లిన కొత్తలో నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది పోస్టు డబ్బా.

జర్మనీలో చాలావరకు అపార్ట్‌మెంట్ అడ్రసులో ఫ్లాట్ నంబరు ఉండదు. మన పేరు, వీధి, బిల్డింగు నంబరు, పిన్‌కోడు, ఊరు, అంతే. కింద డబ్బా మీద మన పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది. ఇక్కడైతే కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి "మేడం, గుడి దాటాక ఏ సందు?" అంటాడు, అమ్మ బాల్కనీలోంచి చెయ్యి ఊపుతుంది, ఇంట్లో ఎవరూ లేకపోతే కిరాణా కొట్టు బాబాయ్ గారు తీసి పెడతారు. అక్కడ ముఖ్యమైన ప్రతి పనీ ఉత్తరంతోనే నడుస్తుంది. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆ ఊరి ఆఫీసులో అడ్రసు నమోదు చేయించుకోవాలి, దానికి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి, నమోదయ్యాక పన్ను నంబరు పోస్టులో వస్తుంది, బ్యాంకు కార్డు ఒక కవరులో వస్తే దాని పిన్ ఇంకో రోజు ఇంకో కవరులో వస్తుంది. అన్నీ జర్మన్ భాషలోనే. కొన్నిటిలో గడువు రాసి ఉంటుంది, ఆలోపు జవాబు పంపాల్సిందే. అందుకే ఇల్లు దొరికిన రోజే డబ్బా మీద పేరు అంటించుకోండి, తర్వాతే సూట్‌కేసు విప్పండి.

ఇన్నేళ్లూ నా పనుల్లో సగం నా చుట్టూ ఉన్నవాళ్లే చేసిపెట్టారని అక్కడికి వెళ్లాకే అర్థమైంది. గ్యాస్ బుక్ చెయ్యడం నాన్న పని, వాటర్ టిన్ను దానంతట అదే గుమ్మంలోకి వచ్చేది, బ్యాంకులో ఏదైనా తేడా వస్తే మావయ్యకి తెలిసినవాళ్లు ఉండేవారు. అక్కడ ఆఫీసుకైనా, బ్యాంకుకైనా, డాక్టరు దగ్గరికైనా సాధారణంగా ముందు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, నా బదులు అడిగేవాళ్లు ఉండరు. మనవాళ్లు చెప్పుకునే ఒంటరితనంలో చాలా భాగం ఇదేనని నా అభిప్రాయం.

చదువూ అంతే. మన దగ్గర ఇంటర్‌లో స్టడీ అవర్సు, వారం వారం పరీక్ష, మార్కులు నేరుగా నాన్న ఫోన్‌కి. అక్కడ చాలా సబ్జెక్టుల్లో హాజరు కూడా వెయ్యరు, సెమిస్టరు చివర ఒకే పరీక్ష ఉంటుంది, ఆ పరీక్షకి కూడా మనమే గడువులోపు పేరు నమోదు చేసుకోవాలి. క్లాసు అయిపోగానే అందరూ బల్ల మీద వేళ్లతో టకటకా కొడతారు, ప్రొఫెసరుకి చప్పట్లన్నమాట. నాకు భలే నచ్చింది.

ఆదివారం సూపర్‌మార్కెట్లతో సహా దాదాపు అన్ని కొట్లూ మూసేస్తారు. స్టేషన్లో కొన్ని, పెట్రోలు బంకులు తెరిచి ఉంటాయి కానీ రేట్లు ఎక్కువ. పాలు, కూరలు శనివారమే తెచ్చుకోవాలి. ఆదివారం కూడా బీసెంట్ రోడ్డు బజారుకి వెళ్లొచ్చే అలవాటున్న నాకు మొదట్లో ఊరంతా ఖాళీ అయినట్టుండేది. తర్వాత చూస్తే జనమంతా ఎల్బే నది ఒడ్డున గడ్డి మైదానాల్లో ఉన్నారు! ముసలివాళ్లు, పిల్లలు, సైకిళ్లు. ఎల్బే మన కృష్ణతో పోలిస్తే చిన్నదే, అయినా 2002 ఆగస్టు వరదలో డ్రెస్డెన్ దగ్గర నీటిమట్టం 9.40 మీటర్లకు చేరింది. ఆ సంగతి తెలిసినప్పుడు 2024 సెప్టెంబరులో ఇక్కడ సింగ్ నగర్‌లో పిన్ని వాళ్లింట్లోకి వచ్చిన బుడమేరు వాగు నీళ్లే కళ్లముందు కదిలాయి.

సామాను గురించి అమ్మలు అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. గోంగూర పచ్చడి, కందిపొడి, కారం హాయిగా తీసుకెళ్లొచ్చు. చికెన్ పచ్చడి, నెయ్యి మాత్రం సర్దకండి. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు మన సామానులో తేనివ్వరు, పట్టుకుంటే పారేస్తారు. కుళాయి నీళ్లు తాగొచ్చు. ప్లాస్టిక్ నీళ్ల సీసా కొంటే 25 సెంట్లు డిపాజిట్ కట్టించుకుంటారు, ఖాళీ సీసా సూపర్‌మార్కెట్లో మెషిన్‌లో వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది.

డబ్బు సంగతి ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోండి. వీసా కోసం ముందే డబ్బు వేసి చూపించే బ్లాక్డ్ అకౌంట్ మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అందులోంచి నెలకు 992 చొప్పున చేతికొస్తాయి. అద్దె, ఇన్సూరెన్సు, తిండి అన్నీ అందులోనే. పార్ట్‌టైమ్ చేసుకుంటాడులే అని లెక్కలు వేసే నాన్నలు గమనించాలి, మన విద్యార్థులకి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజుల పనికే అనుమతి, పైగా భాష రాకపోతే ఆ పని దొరకడమూ కష్టం. ఇక్కడున్నప్పుడే జర్మన్ నేర్చుకోండి.

ఈ అక్టోబరుకి బయల్దేరేవాళ్లు అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే స్టూడెంట్ హాస్టల్‌కి దరఖాస్తు పెట్టేయండి. వెయిటింగ్ లిస్టు పెద్దది.