పదిహేను వేల ట్యాబ్, అడుగు స్కేలు

చదువుకోడానికి ట్యాబ్ కొందామనుకుంటే ర్యామెంత, ప్రాసెసరేది అని మొదలుపెట్టకండి. పిల్లల్ని అడిగి ఒక అడుగు స్కేలు తీసుకోండి. మీరు ఎక్కువగా చదివే రకం పుస్తకం ఒకటి తెరిచి పేజీ కొలవండి.

నాది తెనాలిలో మందుల షాపు. డాక్టర్లు క్లినిక్కుల్లో ఉన్నంతసేపూ మాకు ఊపిరాడదు. మధ్యాహ్నం రెండు దాటాక ఈగలు తోలుకోవడమే. అప్పుడు చదివేవి పాత డిటెక్టివ్ నవలలు, యాత్రా కథనాలు. ఫోన్లో చదివీ చదివీ మెడ పట్టేసింది. ఇంట్లో నాన్నకి పేపరు చదవాలంటే భూతద్దం కావాలి. అమ్మాయికి ఎంసెట్ క్లాసులు (పేరు ఈఏపీసెట్ అని మార్చినా మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే). మా ఆవిడకి వంటింట్లో యూట్యూబ్. ఇంతమందికీ కలిపి ఒక్కటే కొనాలి, పదిహేను వేలు దాటకూడదు.

కిండిల్ కొనమని చాలామంది చెప్పారు. కళ్లకు హాయి, కాదనను. కానీ 2016 చివర్లో కిండిల్ స్టోర్లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు వచ్చినప్పుడు ఆ వరసలో తెలుగు లేదు. నేను చదివేవన్నీ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరికే పీడీఎఫ్‌లు, అందులోనూ ఎక్కువ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసినవి. స్కాన్ అంటే పేజీకి తీసిన ఫొటో. అక్షరం ఒక్కటే పెద్దది చేసుకునే వీలుండదు, పేజీ మొత్తం లాగాల్సిందే. ఆరంగుళాల కిండిల్ తెర వెడల్పు 3.6 అంగుళాలు. అందులో తెలుగు పేజీ పెడితే చీమల బారు చూసినట్టుంటుంది.

ఇక్కడే స్కేలుతో పని. మన పుస్తకాల్లో బోలెడు డెమ్మీ వన్‌బైఎయిట్ సైజులో ఉంటాయి. వెడల్పు ఐదున్నర అంగుళాలు, పొడవు ఎనిమిదిన్నర. 11 అంగుళాల ట్యాబ్ అంటే ఆ 11 మూల నుంచి మూలకి. నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 5.8, ఎత్తు 9.3. డెమ్మీ పేజీ ప్రెస్సులో అచ్చయిన సైజులోనే అందులో పడుతుంది, పైగా కాస్త జాగా మిగులుతుంది. 8.7 అంగుళాల దానిలో వెడల్పు నాలుగున్నర లోపే. పేజీ ఐదోవంతు కుంచించుకుపోతుంది.

కుంచించుకుపోయినా ఇంగ్లీషు చదివేవాళ్లకి పెద్ద ఇబ్బంది ఉండదు. మన లిపితోనే తంటా. 8.7 అంగుళాల చవక ట్యాబుల్లో తెర 1340 బై 800 చుక్కలు (పిక్సెళ్లు). శాంసంగ్ ట్యాబ్ ఏ9 అంతే, రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈలో చిన్నదీ అంతే. అంటే పేజీ అడ్డంగా మొత్తానికి 800 చుక్కలు. అంచులు పోగా, వరసకి ముప్పై అక్షరాలనుకుంటే ఒక్కో అక్షరానికి దక్కేవి ఇరవై పైచిలుకు. అందులోనే తలకట్టు, గుడి, కింద వత్తు అన్నీ ఇరుక్కోవాలి. 'థ' కడుపులో చుక్క ఒకటో రెండో పిక్సెళ్లకి దిగిపోతుంది. అసలే ఇంకు పాకిన పాత అచ్చు, అది థనో ధనో వాక్యాన్ని బట్టి ఊహించుకోవాలి. 11 అంగుళాల వాటిలో 1920 బై 1200 ఉంటే అదే పేజీకి అడ్డంగా 1200 చుక్కలు వస్తాయి. ఒకటిన్నర రెట్లు! ఆ చుక్క చుక్కలాగే కనిపిస్తుంది. 2024 ఏప్రిల్లో రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ 11 అంగుళాలది ఈ తెరతోనే 12,999కి వచ్చింది కాబట్టి, మన బడ్జెట్లో దొరకనిదేమీ కాదు. తక్కువ ధర ట్యాబుల్లో 10 అంగుళాలని చెప్పి 1280 బై 800 తెర అంటగట్టేవీ ఉన్నాయి. పెట్టె మీద ఆ అంకె చూడకుండా డబ్బు తీయకండి.

షాపుకి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో నా దగ్గరున్నవాటిలోకెల్లా దరిద్రపు స్కాన్ ఒకటి వేసుకెళ్లాను. టైప్-సి వైపు కూడా ఉన్న పెన్‌డ్రైవ్, నేరుగా గుచ్చొచ్చు. కౌంటర్లో కుర్రాడు కార్ల గేమ్ పెట్టి, "సార్, 90 హెర్ట్జ్, ఎంత స్మూతుగా ఉందో చూడండి" అంటున్నాడు. "బాబూ, కారు వద్దు గానీ ఈ పేజీ తెరువు" అన్నాను. తెరిచాక వాడే చిన్న ట్యాబూ పెద్ద ట్యాబూ పక్కపక్కన పెట్టి చూసి, "పెద్దదే తీసుకోండి సార్" అన్నాడు.

సిమ్ ఉన్నదానికి రెండు వేల దాకా ఎక్కువ చెప్పారు. ఇంట్లో వైఫై, షాపులో ఫోను హాట్‌స్పాట్ ఉండగా సిమ్మెందుకు? కెమెరా సంగతి అడగనే లేదు. 4 జీబీ ర్యామ్ చదువుకి చాలు, స్టోరేజీ 128 ఉంటే మంచిది. స్కాన్ పుస్తకాలు ఒక్కొక్కటి పదుల ఎంబీలుంటాయి. మెమరీ కార్డు పట్టే చోటుంటే ఇంకా నిశ్చింత. సినిమాలు చూసేవాళ్లు మాత్రం వైడ్‌వైన్ ఎల్1 అనే కాపీ రక్షణ ఉందో లేదో కనుక్కోండి, అది లేకపోతే ఓటీటీల్లో హెచ్‌డీ రాదు.

పెద్ద తెరతో చిక్కు బరువు. అరకిలోకి అటూ ఇటూ ఉంటుంది, కవరు వేస్తే ఇంకా పెరుగుతుంది. పడుకుని చదివితే ముక్కు మీద పడుతుంది, అనుభవమే. నాన్న దానికి మార్గం ఆయనే చూసుకున్నారు. పారాయణం చేసుకునే వ్యాసపీఠం మీద నిలబెట్టి, కింద జారకుండా తువ్వాలు మడిచి పెట్టారు. టీటీడీ వాళ్ల సైట్లో ఉచితంగా దొరికే పుస్తకాలు దించిపెట్టాను. ఇప్పుడు భూతద్దం అలమరలోనే ఉంటోంది. ఈ-పేపరు పేజీ మాత్రం దీనిలో కూడా లాగి చదవాల్సిందే, దినపత్రిక సైజు అలాంటిది.

కొన్నాక చేసిన పనుల్లో అన్నిటికన్నా పనికొచ్చింది పీడీఎఫ్ యాప్‌లో అంచులు కత్తిరించడం. లైబ్రెరా అనే యాప్‌లో ఆ వీలుంది. నాలుగువైపులా ఉన్న తెల్లకాగితం పోయి, అక్షరాలు తెర నిండా పరుచుకుంటాయి. చిన్న ట్యాబ్ ఇప్పటికే ఇంట్లో ఉంటే కొత్తది కొనేముందు ఇది చేసి చూడండి, డబ్బు మిగలొచ్చు. తెలుగు వికీసోర్స్‌లో టైపు చేసి పెట్టిన పుస్తకాలు మాత్రమే చదివేవాళ్లకైతే ఏ సైజైనా ఒకటే. అక్కడ అక్షరం నిజంగా అక్షరమే, ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు.

ఎండలో మాత్రం ఈ ధరలో ట్యాబ్ పనికిరాదు. డాబా మీద పొద్దున తొమ్మిదింటికే తెరలో మన మొహమే కనిపిస్తుంది.

బ్యాంకు యాప్‌లు, ఫోన్‌పే అందులో వేయలేదు. నలుగురి చేతుల్లో తిరిగే వస్తువు, నాన్నకేమో వచ్చిన ప్రతి మెసేజీ నొక్కి చూసే అలవాటు. "కరెంటు బిల్లు కట్టుకోడానికైనా ఉండాలి కదరా" అని ఆయన అడుగుతూనే ఉన్నారు. నేను కడతాలే నాన్నా అంటున్నాను.