కుడి చెయ్యి ఖాళీనే గదా

మా వారికి కిడ్నీలు పనిచేయడం లేదని మా వారాసిగూడ గల్లీలో అందరికీ తెలుసు. ఎవరికీ చెప్పొద్దని మొదట్లో ఆయన పట్టుబట్టారు. మంగళ, గురు, శనివారాల్లో తెల్లారి ఐదున్నరకే డయాలసిస్‌కి తీసుకెళ్ళే ఆటో ఇంటిముందు వచ్చి ఆగుతుంటే ఎన్నాళ్ళు దాగుతుంది? పాలప్యాకెట్ల దగ్గర ఒకావిడ అడిగింది, నేను చెప్పేశాను. సాయంత్రానికల్లా మా వంటింటి గట్టు నిండా కొబ్బరిబోండాలు.

కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు బాగున్నవాళ్ళకి ఒంట్లో ఎక్కువైంది బయటికి పోతుంది. వీళ్ళకి పోదు, పేరుకుపోయి గుండె కొట్టుకోవడమే తేడా చేస్తుంది. అరటిపళ్ళు, బత్తాయి రసం, టమాటా, పాలకూర, అన్నిటితోనూ అదే గొడవ. ఉప్పు తగ్గించమన్నారని విని ఇంకొకావిడ లో సోడియం ఉప్పు ప్యాకెట్ తెచ్చిచ్చింది. సోడియం తగ్గించి అందులో కలిపేది పొటాషియం క్లోరైడే! ఇవన్నీ డైటీషియన్ కూర్చోబెట్టి చెబితే తప్ప నాకు మాత్రం ఏం తెలుసు. బోండాలు నేనూ పక్కింటి పిల్లలూ తాగేశాం. ఉప్పు ప్యాకెట్ అటక ఎక్కింది. ఫోన్లో ఆకుపసర్లు చెప్పే చుట్టాల మీద వచ్చినంత కోపం వీళ్ళ మీద రాలేదు. వీళ్ళు కనీసం డబ్బు పెట్టి కొని, మెట్లెక్కి తెచ్చారు.

ఎదురింటి ఆపా మాత్రం ఏమీ తేలేదు. వచ్చి మా వంటింట్లో పీట వేసుకుని, "సార్‌కి ఏం పెడతావో చూపించు" అంది. కూరగాయలు చిన్నగా తరిగి, నానబెట్టి, బోలెడు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి అప్పుడు తాలింపు వేయడం అంతా చూసింది. ఆ రంజాన్‌కి గల్లీ అందరికీ హలీం పంపి, మాకు ఉప్పు వేయకముందే తీసిన చిన్న డబ్బా విడిగా పంపింది. "ఉప్పు లేనిది హలీం ఎలా అవుతుంది" అని సణుగుతూనే ఆయన గిన్నె ఊడ్చేశారు. నాలుగు చెంచాలే, డైటీషియన్‌కి చెప్పలేదు.

అసలు ఇబ్బంది తిండితో కాదు. ఆయన పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరయ్యారు. అన్నేళ్ళూ జనం ఆయన ముందు లైన్లో నిలబడ్డారు. ఇప్పుడు ఒక్కొక్కరే వచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చుని, మొహం దీనంగా పెట్టి వెళ్తుంటే తట్టుకోలేకపోయారు. గేటు చప్పుడైతే చాలు, నిద్ర నటించేవారు. డయాలసిస్ నాలుగు గంటలు పడుతుంది. అది అయ్యాక నిజంగానే సత్తువ ఉండదు, కానీ మిగతా రోజుల్లోనూ బయటికి రావడం మానేశారు.

ఆయన్ని బయటికి లాగింది ఇస్త్రీ బండి అన్న. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు గుర్తుందా? గ్యాస్ కనెక్షన్ నంబరు ఎక్కడ రాయాలి, కరెంటు మీటరు నంబరు ఏది అని ఊరంతా ఒకటే టెన్షన్. ఈయన పడుకున్నారంటున్నా వినకుండా అన్న లోపలికొచ్చేశాడు. "సారూ, సూదులు ఎడమ చేతికే గదా గుచ్చేది. కుడి చెయ్యి ఖాళీనే గదా. జర ఈ ఫారం నింపుండ్రి."

నాకైతే ఒళ్ళు మండింది. ఈయన మాత్రం లేచి కూర్చుని కళ్ళజోడు అడిగారు. మర్నాటి నుంచి మా వరండాలో లైను! ఆధార్ జిరాక్స్ లేకుండా వచ్చినవాళ్ళని కౌంటర్లో కసిరినట్టే కసిరారు. అది విని నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అప్పటి నుంచి నేను జనాన్ని వేరే లెక్కలో చూస్తున్నాను. ఇచ్చి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. జబ్బుమనిషి దగ్గర కూడా ఏదో ఒకటి అడిగి తీసుకునేవాళ్ళు తక్కువ. ఆటో అన్నే చూడండి. డబ్బులు వద్దు అని ఒక్కరోజూ అనలేదు, మీటరు ఎంతయితే అంత తీసుకుంటాడు. వద్దంటే ఈయన మర్నాడు బస్సెక్కుతారని అతనికి తెలుసు. కాకపోతే డయాలసిస్ అయిపోయే వేళకి, పిలవకపోయినా ఆస్పత్రి గేటు దగ్గర ఉంటాడు. కిడ్నీ మార్పిడి కోసం ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకున్నాం కదా, ఫోన్ వచ్చిందా అని అడుగుతుంటాడు. 2021 ఫిబ్రవరిలో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కి గుండెని మెట్రోలో తీసుకెళ్ళారు. కిడ్నీ వస్తే మెట్రో అక్కర్లేదు, నేనే తెస్తానంటాడు.

పిల్లలకి ఈయన ఎడమ చెయ్యి ఒక వింత. డయాలసిస్ కోసం మణికట్టు దగ్గర ధమనినీ సిరనీ కలిపి ఫిస్టులా వేశారు. దాని మీద వేలు పెడితే రక్తం జుమ్మని తెలుస్తుంది. బరువు పడకూడదు, బీపీ పట్టీ కట్టకూడదు. వాటి జోలికి పోకుండా చెవి మాత్రం ఆనించి, "తాతా, లోపల మెట్రో పోతోంది" అంటారు. ఎక్కం ఒప్పజెబితేనే వినిపిస్తానని ఈయన షరతు.

వినాయక నిమజ్జనానికి మా మీద ఏదో పగ ఉన్నట్టుంది. 2023లో గురువారం, 2024లో మంగళవారం, 2025లో శనివారం, మూడేళ్ళూ మా డయాలసిస్ రోజే పడింది. తెల్లారి వెళ్ళడం సులువే, వెనక్కి రావడమే కష్టం. మా మండపం కుర్రాళ్ళు ఇద్దరు బైకు మీద ఆటో ముందు నడిచి, ఊరేగింపులో ఉన్న ట్రాక్టర్లని పక్కకి తీయించి, మా మలుపు దాటేదాకా డీజే ఆపించారు. 2023లో అదే రోజు మిలాద్ కూడా వస్తే, పెద్దలు ఊరేగింపుని అక్టోబరు 1కి మార్చుకున్నారు. ఆ సంగతి ఆపా ఇప్పటికీ గర్వంగా చెబుతుంది.

ఆ కుర్రాళ్ళు చందా లెక్కలు ఈయన చేతే రాయించుకుంటారు. మొన్న టెంటు బిల్లులో తేడా పట్టుకుని ఇద్దరినీ నిలబెట్టి కడిగేశారు. పాపం, డీజే ఆపించిన వాళ్ళే. మొహమాటం లేదా అంటే, "లెక్క లెక్కే" అన్నారు.

నవంబరులో ఈయనలాంటి కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోన్లో మొహం చూపించి చేసే పద్ధతి మా గల్లీ పెద్దవాళ్ళకి అంతుపట్టదు. ఈయన ఇప్పటి నుంచే కాగితం మీద పేర్లు, టైములు వేసి గేటుకి అంటించారు. మంగళ, గురు, శని కౌంటర్ మూసి ఉంటుందట. ఆధార్ మర్చిపోయి వస్తే మళ్ళీ లైను చివరికే వెళ్ళాలట.